కుండీలో మట్టికి బదులు ఏది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కుండీల్లోనూ నారు ట్రేలలోనూ మట్టికి బదులుగా ఏమి వాడాలన్న ప్రశ్న చుట్టూనే ఉన్నాయి. గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న తలెత్తడానికి తగిన కారణం ఉంది. మన నేల వరికీ, కొబ్బరికీ, అరటికీ ఎంత అనువైనదో కుండీకి అంత ఇబ్బందికరమైనది. అయితే కుండీకి పనికివచ్చే కొబ్బరి పొట్టు, ఊక, పశువుల ఎరువు మన ఊళ్లలో కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో ప్రతిదానికీ ఒక్కో లోపం ఉంటుంది కనుక, ఆ లోపాన్ని ముందుగా సరిచేసుకున్న తరువాతే మొక్క దగ్గరికి తీసుకువెళ్లాలి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పొలం గట్టు మట్టినీ, లంక భూమి నుంచి తెప్పించిన ఒండ్రు మట్టినీ పశువుల ఎరువుతో కలిపి కుండీలు నింపాను. అదే మట్టిలో దొడ్లో వంగ, బెండ బాగా కాస్తున్నాయి. కుండీల్లో మాత్రం వానలు మొదలవగానే ఆకులు పసుపుబారి, వేళ్లు కుళ్లి మొక్కలు చనిపోతున్నాయి. ఇంత సారమున్న మట్టి కుండీకి ఎందుకు పనికిరావడం లేదు?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: మీ మట్టిలో సారానికి లోటు లేదు, గాలికే లోటు. మొక్క వేళ్లకు నీటితోపాటు ప్రాణవాయువు కూడా కావాలి. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్లకు మించదు, ఒండ్రు రేణువు దానికంటే కొంచెం పెద్దది. ఇంత సన్నని రేణువుల మధ్య ఉండే సందులు కూడా సన్నగానే ఉంటాయి కనుక, ఒకసారి తడిసిన తరువాత ఆ సందుల్లోని నీరు అంత తేలికగా జారిపోదు, గాలి లోపలికి రాదు.

మరి దొడ్లో అదే మట్టి ఎలా పనిచేస్తున్నదని మీరు అడగవచ్చు. దొడ్లో నేల అడుగుల లోతు వరకు తెగకుండా ఉంటుంది. పైపొరలోని నీటిని కింది పొరలు లాగుకుంటూ ఉంటాయి, వానపాములూ పాత వేళ్లూ చేసిన దారులు కూడా నీటికి తోవ ఇస్తాయి. కుండీలో ఆ లాగుడు అడుగు దగ్గర ఆగిపోతుంది. అందువల్ల రంధ్రాలు ఎంత పెద్దవైనా, కుండీ అడుగున కొంత మందం ఎప్పుడూ నీటితో నిండిపోయి ఉంటుంది. ఆ మందం కుండీ ఎత్తును బట్టి మారదు. లోపల నింపిన పదార్థం ఎంత సన్నగా ఉంటే అంత పెరుగుతుంది. లంక ఒండ్రు నింపిన ఆరంగుళాల కుండీలో దాదాపు కుండీ అంతా ఆ తడి పొరే అయిపోతుంది.

అడుగున గులకరాళ్లు, పెంకులు వేస్తే నీరు పోతుందన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. నిజానికి సన్నని మట్టిలోని నీరు కింద ఉన్న పెద్ద సందుల్లోకి వెంటనే దిగదు; మట్టి పూర్తిగా నానిన తరువాతే దిగుతుంది. రాళ్ల పొర వల్ల ఆ తడి భాగం పైకి జరిగి, వేళ్లకు మిగిలే చోటు ఇంకా తగ్గుతుంది. మట్టి కారిపోకుండా రంధ్రం మీద ఒక్క పెంకు వేస్తే చాలు. అలాగే బంకమట్టిలో కొద్దిపాటి గోదావరి ఇసుక కలిపినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఇసుక రేణువుల మధ్య సందులన్నీ బంకమట్టితో పూడిపోతాయి. ఇసుక సగానికి మించితేనే ఫలితం కనబడుతుంది, అప్పుడు కుండీ కదిలించలేనంత బరువవుతుంది.

ఏ మిశ్రమమైనా కుండీకి పనికివస్తుందో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముందుగా కుండీ రంధ్రాలను మూసి, అందులో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో కొలవండి. తరువాత కుండీని ఖాళీ చేసి మిశ్రమంతో నింపి, పైన నీరు మెరిసే వరకు నెమ్మదిగా పోసి, కొన్ని గంటలు నానబెట్టండి. అప్పుడు రంధ్రాలు తెరిచి, కారిన నీటినంతా పట్టి కొలవండి. అలా కారిన నీరు ఖాళీ చేసిన చోటులోనే గాలి చేరుతుంది. పది లీటర్ల కుండీ నుంచి ఒకటి నుంచి రెండు లీటర్లు కారితే మిశ్రమం బాగున్నట్లు లెక్క. అర లీటరు కూడా రాకపోతే, ఎంత సారమున్నదైనా దాన్ని పాదుల్లో చల్లుకోవడమే మేలు. మీ మట్టిని వదిలివేయవలసిన పని లేదు, మొత్తంలో ఐదో వంతుకు మించకుండా చూసుకోండి.

ప్రశ్న: మా ఇంటి పక్కనే కొబ్బరి పీచు మిల్లు ఉంది. పొట్టు కొండలా పోసి ఉంటుంది, కావలసినంత తీసుకువెళ్లమంటారు. తెచ్చి ఎరువు కలిపి బంతి, మిరప నాటితే కొత్త ఆకులు పాలిపోయి, అంచులు మాడిపోయాయి. బజారులో ఇటుకల్లా అమ్మే కోకోపీట్ కూడా ఇదే కదా? అది బాగుండి ఇది ఎందుకు బాగుండలేదు?
– ఒక రైతు, అంబాజీపేట

జవాబు: పదార్థం ఒకటే, దానికి జరిగిన సంస్కారంలోనే తేడా ఉంది. కొబ్బరి డొక్క నుంచి ఒక కిలో పీచు తీస్తే దాదాపు రెండు కిలోల పొట్టు మిగులుతుంది. మిల్లుల పక్కన ఆ కొండలు పెరగడానికి కారణం అదే. ఈ పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతూనే గాలికి కూడా చోటు ఇస్తుంది. పూర్తిగా ఎండిన తరువాత మళ్లీ నీరు పోస్తే విసుక్కోకుండా పీల్చుకుంటుంది. ఇంత మంచి పదార్థం మన వాకిట్లో ఉండగా దాన్ని రోడ్డు పక్కన తగలబెట్టడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అయితే పచ్చి పొట్టులో మూడు దోషాలున్నాయి, మీ మొక్కల మీద కనిపించినవి వాటి గుర్తులే.

మొదటిది ఉప్పు. కొబ్బరి డొక్కలో పొటాషియం, క్లోరైడు సహజంగానే ఎక్కువ. డొక్కలను ఉప్పుటేటి నీటిలో నానబెట్టి ఉంటే సోడియం కూడా చేరుతుంది. ఆకుల అంచులు మాడడానికి ఎక్కువగా ఇదే కారణం. కనుక ఆ డొక్కలు కాలువ నీటిలో నానినవా, ఉప్పునీటిలో నానినవా అని మిల్లు వారిని ముందుగా అడగండి. కుప్పలో కూడా, కనీసం ఒక వానాకాలమంతా తడిసి నల్లబడిన భాగాన్ని ఎంచుకోండి, నిన్న మొన్న పడిన ఎర్రటి పొట్టును తీసుకోకండి. తెచ్చిన పొట్టును తొట్టిలో మంచినీటితో నానబెట్టి, నీటిని పూర్తిగా వంపి, మళ్లీ నానబెట్టండి. మొదటి నీరు ముదురు టీ రంగులో వస్తుంది. అది లేతబడే వరకు రెండు మూడు సార్లు కడగాలి. ఆ రంగుతోపాటు, లేత వేళ్లకు హాని చేసే టానిన్ల వంటి పదార్థాలు కూడా చాలావరకు పోతాయి.

రెండవ దోషం కడిగినా పూర్తిగా పోదు. పొట్టు రేణువులు పొటాషియాన్నీ సోడియాన్నీ తమకు అంటిపెట్టుకొని ఉంటాయి. మీరు వేసే ఎరువులోని కాల్షియం, మెగ్నీషియం ఎదురైనప్పుడు ఆ రేణువులు పొటాషియాన్నీ సోడియాన్నీ వదిలి, ఈ రెండింటినీ పట్టుకుంటాయి. ఫలితంగా మొక్కకు కాల్షియం అందక చిగుళ్లు ముడుచుకుపోవడం, టమాటా కాయల అడుగు భాగం నల్లబడడం వంటివి కనిపిస్తాయి. దీనికి విరుగుడుగా, 5 కిలోల కోకోపీట్ దిమ్మకు సుమారు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటితో నానబెట్టి, ఒక రాత్రి ఉంచి, తరువాత మంచినీటితో కడగాలి. పెద్ద నర్సరీలకు అమ్మే మేలురకం కోకోపీట్‌కు ఈ పని ముందే చేసి ఉంటారు. ఇంటి కుండీలకు ఇది తప్పనిసరి కాదు కానీ, టమాటా, మిరప, గులాబీ పెంచేవారు చేయడం మంచిది.

మూడవది నత్రజని ఆకలి. పచ్చి పొట్టులో కర్బనం, నత్రజనుల నిష్పత్తి 100కు పైన ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మీరు వేసిన ఎరువు నుంచే తీసుకుంటాయి కాబట్టి మొక్క పాలిపోతుంది. దీనికి పొట్టును మాగబెట్టడం ఒక్కటే సరైన మార్గం. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, కొబ్బరి పీచు బోర్డు వారు తయారుచేసిన పిత్ ప్లస్ అనే శిలీంధ్రపు మిశ్రమం 2 కిలోలు పడతాయి. ముందుగా 100 కిలోల పొట్టు పరిచి దాని మీద 400 గ్రాముల పిత్ ప్లస్ చల్లాలి, దానిపైన మరో 100 కిలోల పొట్టు పరిచి కిలో యూరియా చల్లాలి. ఇలా మార్చి మార్చి పొరలు వేస్తూ, పిండితే చేయి తడిసేంత తేమ ఉండేలా నీడలో ఉంచితే, నెల రోజుల్లో పొట్టు నల్లబడి, కుప్ప కుంగి, మట్టి వాసన వస్తుంది. నిష్పత్తి 25 దగ్గరికి దిగుతుంది. పిత్ ప్లస్ బదులు, పుట్టగొడుగులు పెంచేవారి వద్ద దొరికే ప్లూరోటస్ విత్తనాన్ని వాడినా సరిపోతుంది. మీకు ఒక తొట్టెడు మాత్రమే కావాలంటే, కడిగిన పాత పొట్టులో మూడో వంతు పచ్చిపేడ కలిపి, రెండు మూడు నెలలు గోనె కప్పి మాగనివ్వండి.

మాగిన తరువాత కూడా ఒక పరీక్ష చేయమని కోరుతున్నాను. ఒక పాత్రలో ఆ పొట్టు, మరొక పాత్రలో కడిగిన ఇసుక వేసి, రెండింటిలోనూ సమానంగా పెసలు చల్లండి. పొట్టులోని మొలకలు ఇసుకలోని వాటితో సమానంగా లేచి, వేళ్లు తెల్లగా ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. వేళ్ల కొనలు గోధుమరంగుకు తిరిగితే మరొక్కసారి కడగాలి. ఇక మీ ఊళ్లోనే కొబ్బరిపై పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది కనుక, పెద్ద ఎత్తున చేయదలచుకుంటే వారిని స్వయంగా కలిసి మాట్లాడండి.

ప్రశ్న: మా ఊళ్లో బియ్యం మిల్లులు ఎక్కువ. ఊక, ఊక బూడిద రెండూ చవకగా దొరుకుతాయి. కుండీల్లో ఏది వాడాలి? ఊక వేసిన కుండీలో వరి, ఊద మొలిచి కలుపు తీయలేకపోయాను.
– భీమవరం పాఠకుడు

జవాబు: ఈ రెండింటి మధ్యలో మూడవది ఉంది, మీకు కావలసింది అదే. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊక ఉంటుంది. దానిలో సిలికా ఎక్కువ కనుక త్వరగా కుళ్లదు, ఏడాది గడిచినా కుండీలో సందులను నిలిపి ఉంచుతుంది, నత్రజనిని కూడా పెద్దగా లాగుకోదు. మీకు ఎదురైన కలుపు సమస్య పచ్చి బియ్యం మిల్లు ఊకతో వస్తుంది, ఎందుకంటే అందులో జారిపోయిన గింజలు, ఊద విత్తనాలు ప్రాణంతో ఉంటాయి. ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లను నానబెట్టి ఆవిరి పట్టిన తరువాతే ఆడిస్తారు కాబట్టి, ఆ ఊకలో విత్తనాలు చచ్చిపోయి ఉంటాయి. మన జిల్లాల్లో అటువంటి మిల్లులు ఉన్నాయి, అడిగి అక్కడి ఊకనే తెచ్చుకోండి. మిశ్రమంలో నాలుగో వంతు వరకు కలపవచ్చు.

మిల్లు బాయిలరు నుంచి వచ్చే తెల్లని లేదా బూడిదరంగు బూడిదను మాత్రం నేను కుండీలకు సిఫారసు చేయను. అది క్షారగుణం కలిగినది, పైగా పిండిలా ఉండి సందులను పూడుస్తుంది. పాదుల్లో గుప్పెడు చల్లడం వేరు, కుండీలో మూడో వంతు నింపడం వేరు. దానికి బదులుగా ఊకను సగం కాల్చి బొగ్గుగా మార్చుకోండి. రంధ్రాలు చేసిన పాత నూనె డబ్బాలో నిప్పు వేసి, దానిమీద పొగగొట్టంలా ఒక రేకు గొట్టం నిలబెట్టి, చుట్టూ ఊకను కుప్పగా పోయాలి. ఊక మంట లేకుండా లోపలి నుంచి నల్లబడుతూ వస్తుంది. పైభాగం వరకు నల్లబడగానే, బూడిద కాకముందే విస్తారంగా నీరు చల్లి పూర్తిగా ఆర్పివేయాలి. ఈ నల్ల ఊక తేలికగా ఉంటుంది, తెగుళ్లు ఉండవు, కొంత పొటాష్ కూడా ఇస్తుంది. దీనికి కూడా కొంచెం క్షారగుణం ఉంటుంది కనుక ఒకసారి కడిగి, మిశ్రమంలో నాలుగో వంతుకు మించకుండా వాడండి. ఊకదైనా బూడిదదైనా పొడి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, తడిపిన తరువాతే కలపండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు మేడ మీద యాభై కుండీలు పెట్టాలనుకుంటున్నాం. వీడియోలలో పీట్ మాస్, పెర్లైట్, వర్మిక్యులైట్ లేనిదే మొక్కలు రావన్నట్లు చెబుతున్నారు. ఇవన్నీ కొనాలా? స్లాబు మీద బరువు గురించి కూడా భయంగా ఉంది.
– రాజమహేంద్రవరం నుంచి దంపతులు

జవాబు: కొనవలసిన అవసరం లేదు. పీట్ చల్లని దేశాల చిత్తడి నేలల్లో నాచు వంటి మొక్కలు వేల ఏళ్లపాటు సగం కుళ్లి పేరుకున్న పదార్థం. ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు మందమే పెరుగుతుంది. దాన్ని తవ్వితే భూమిలో దాగిన కర్బనం గాలిలో కలుస్తుందన్న కారణంతో, ఇంటితోటల వారికి పీట్ సంచుల అమ్మకాన్ని ఆపివేస్తామని ఇంగ్లండులో ప్రభుత్వం 2022లో ప్రకటించింది. చట్టం అనుకున్న గడువుకు రాకపోయినా, అక్కడి తోటమాలులు చాలామంది ప్రత్యామ్నాయంగా కొబ్బరి పొట్టు వైపు తిరిగారు. కొబ్బరి పండే సీమలో ఉండి మనం పీట్ తెప్పించుకోవడంలో అర్థం లేదు. పైగా పీట్ పులుపు గుణం కలది, సున్నం కలపందే చాలా మొక్కలకు పనికిరాదు, ఒకసారి ఎండితే నీటిని తీసుకోదు.

పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజురాయిని 850 నుంచి 900 డిగ్రీల వేడిలో పేలాలలా పొంగించినది. గాలికి చోటివ్వడం తప్ప మరే పోషకమూ ఇవ్వదు. ఆ పని నల్ల ఊకతోనూ, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలతోనూ జరుగుతుంది. వర్మిక్యులైట్ అభ్రకం జాతి ఖనిజాన్ని పొంగించినది. సన్న విత్తనాల మీద పలుచగా కప్పడానికి అది నిజంగా మంచిది, అందుకోసం ఒక చిన్న ప్యాకెట్ కొనుక్కుంటే చాలు.

బరువు గురించి మీ భయం సరైనదే. తడిసిన మట్టి లీటరుకు ఒకటిన్నర కిలోల పైమాటే ఉంటుంది కనుక, 20 లీటర్ల కుండీ ఒక్కటే 30 కిలోలు దాటుతుంది. అటువంటివి యాభై అంటే ఒకటిన్నర టన్ను. మీ కోసం నేను సూచించే మిశ్రమం ఇది: మాగిన కొబ్బరి పొట్టు నాలుగు తట్టలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు రెండు తట్టలు, నల్ల ఊక రెండు తట్టలు, జల్లించిన ఎర్రమట్టి ఒక తట్ట, వీటికి తోడు రెండు గుప్పిళ్ల వేప పిండి. దీని బరువు మట్టి కుండీ బరువులో సగం దగ్గర ఉంటుంది. ఎర్రమట్టిని పూర్తిగా తీసివేయవద్దు, గాలివానకు తేలిక కుండీలు దొర్లిపోతాయి. కుండీలను స్లాబు నడిమధ్యన గుంపుగా పెట్టకుండా, దూలాల వెంబడి, పిట్టగోడల పక్కన వరుసగా పెట్టండి. ఇది మట్టి కాదు కాబట్టి సారం త్వరగా అయిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. నాటిన నెల తరువాత నుంచి పదిహేను రోజులకు ఒకసారి ద్రవరూపంలో ఎరువు ఇస్తూ ఉండాలి.

ఎడారి గులాబీ, కాక్టస్ వంటి వాటికి మాత్రం ఈ మిశ్రమం వద్దు. మన గాలిలోని తేమకు పొట్టు ఆరక, వాటి దుంపలు కుళ్లిపోతాయి. వాటికి ముతక ఇసుక, ఇటుక ముక్కలు, బొగ్గు ముక్కలు కలిసి నాలుగింట మూడు వంతులు ఉండాలి. ఆర్కిడ్లకైతే మిశ్రమమే అక్కరలేదు. కొబ్బరి డొక్క ముక్కలు, చిప్ప బొగ్గు చాలు.

ప్రశ్న: చిన్న షేడ్‌నెట్ వేసి వంగ, మిరప, టమాటా నారు పెంచి రైతులకు అమ్ముతున్నాను. 98 గదుల ట్రేలలో వర్మీ కంపోస్టు సగం, కోకోపీట్ సగం వేస్తున్నాను. మొలకలు లేచిన వారానికి మొదలు దగ్గర మెత్తబడి గుంపులు గుంపులుగా పడిపోతున్నాయి. మిశ్రమంలో దోషమా, విత్తనంలో దోషమా?
– రావులపాలెం నుంచి ఒక యువకుడు

జవాబు: మీరు చెప్పిన గుర్తులు నారుకుళ్లు తెగులువి. పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాల వల్ల ఇది వస్తుంది, నిలిచిన తడి దీన్ని పెంచుతుంది. ట్రే గది లోతు రెండంగుళాలకు మించదు. మొదటి జవాబులో చెప్పిన అడుగు తడి ఇక్కడ గదిలో ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తుంది కాబట్టి, కుండీలో చెల్లిన మిశ్రమం ట్రేలో చెల్లదు. మీరు వేస్తున్న సగం వర్మీ కంపోస్టు చాలా ఎక్కువ. అది సన్నగా ఉండి సందులను మూసివేస్తుంది, అందులోని లవణాలు మొలకను బలహీనపరుస్తాయి. దాన్ని పదో వంతుకు తగ్గించి, మిగిలినది కడిగి మాగబెట్టిన కోకోపీట్‌తో నింపండి. 98 గదుల ట్రేకు సుమారు 1.2 కిలోల కోకోపీట్ పడుతుంది. గదులను వేలితో అదిమి నింపకూడదు. నింపి, ట్రేను ఒకసారి నేలకు తట్టితే చాలు.

మిశ్రమంలో ముందుగానే ట్రైకోడెర్మా కలిపి, తడిగా గోనె కింద వారం పది రోజులు ఉంచితే, ఆ మేలుచేసే శిలీంధ్రం ముందుగా చోటు పట్టుకుంటుంది. వాడిన ట్రేలను కడగకుండా మళ్లీ నింపడం వల్ల కూడా ఈ తెగులు తరం నుంచి తరానికి పాకుతుంది. బ్లీచింగ్ కలిపిన నీటిలో ముంచి, మంచినీటితో కడిగి, ఎండలో ఆరబెట్టిన తరువాతే వాడాలి. విత్తిన ట్రేలను ఒకదానిమీద ఒకటి పేర్చి, పాలిథిన్ కప్పి, మొలక కనిపించగానే విడదీసి పరచండి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు సాగిపోతాయి. సాయంత్రం నీళ్లు పెట్టే అలవాటు ఉంటే మానుకోండి, ఉదయం పెడితే రాత్రికి పైభాగం ఆరుతుంది. ఇప్పటికే తెగులు వచ్చిన ట్రేలను విడిగా పెట్టి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. ఈ మందు పోసిన వాటికి వెంటనే ట్రైకోడెర్మా వేయవద్దు, అది కూడా శిలీంధ్రమే కాబట్టి నష్టపోతుంది.

సారం తగ్గించాం కనుక, మొలచిన పన్నెండు రోజులకు ఒకసారి, మరో వారానికి ఒకసారి, నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19-19-19 ఎరువును లీటరు నీటికి 2 నుంచి 3 గ్రాముల చొప్పున కలిపి ఇవ్వండి. నారు రైతు చేతికి వెళ్లే ముందు నాలుగైదు రోజులు నీరు తగ్గించి, నీడ తీసి ఎండకు అలవాటు చేస్తే పొలంలో వాలిపోదు.

ప్రశ్న: కడియం నర్సరీ నుంచి తెచ్చిన మందారం, నిమ్మ అంటు మొక్కలను కోకోపీట్ మిశ్రమంలో నాటాను. రోజూ నీళ్లు పోస్తున్నా ఎండిపోయాయి. తీసి చూస్తే చుట్టూ తడిగా ఉంది, మధ్యలో ఎర్రమట్టి గడ్డ రాయిలా ఎండి ఉంది. నర్సరీ వారు మోసం చేశారా?
– పాలకొల్లు పాఠకురాలు

జవాబు: మోసం ఏమీ లేదమ్మా. కడియం, కడియపులంక నర్సరీల్లో ఎర్రమట్టితో సంచులు నింపడానికి కారణముంది. దూర ప్రయాణంలో గడ్డ విడిపోకుండా, వేళ్లు కదలకుండా అది కాపాడుతుంది. ఆ గడ్డను వదులుగా ఉండే మిశ్రమంలో పెట్టినప్పుడు, పోసిన నీరు తేలికైన దారి వెదుక్కుంటూ చుట్టూ ఉన్న పొట్టులోంచి దిగిపోతుంది. గట్టి గడ్డలోకి చేరదు. వేళ్లన్నీ ఆ గడ్డలోనే ఉన్నాయి కనుక మొక్క దాహంతో చనిపోతుంది.

నాటే ముందు సంచితో సహా గడ్డను బకెట్టు నీటిలో బుడగలు ఆగే వరకు ముంచండి. సంచి తీసి, గడ్డ చుట్టూ అంగుళం మేర మట్టిని వేళ్లతో వదులు చేయండి, చుట్టుకుపోయిన వేళ్లను విడదీయండి. గడ్డ చుట్టూ వేసే మిశ్రమంలో మూడో వంతు ఎర్రమట్టి కలిపితే రెండింటి మధ్య తేడా తగ్గుతుంది. మొదటి నెల నీటిని కుండీ అంచున పోయకుండా మొదలు దగ్గరే, నెమ్మదిగా పోయండి. నిమ్మ అంటు కట్టిన చోటు మాత్రం మిశ్రమంలో మునగకూడదు.

ప్రశ్న: మా బోరు నీరు ఉప్పగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టివేస్తే ఆ నీరే దిక్కు. మా అత్తగారు సముద్రపు ఇసుక కలిపితే కుండీ గుల్లగా ఉంటుందంటున్నారు. ఏం చేయాలి?
– నరసాపురం పాఠకురాలు

జవాబు: సముద్రపు ఇసుక వద్దు. అత్తగారు చెప్పినట్లు గుల్లగానే ఉంటుంది కానీ, దానిలో ఉప్పు, గవ్వల పొడి ఉంటాయి. గవ్వల పొడి కడిగినా పోదు, అది మిశ్రమాన్ని క్షారంగా మారుస్తుంది. ఉప్పునీరు పోయక తప్పని కుండీల్లో కొబ్బరి పొట్టు భాగాన్ని మూడో వంతుకు తగ్గించండి, ఎందుకంటే పొట్టు సోడియాన్ని పట్టి ఉంచుతుంది. ఆ మేరకు నల్ల ఊక, ఏటి ఇసుక పెంచండి. నీరు కొంచెం కొంచెంగా పోయకుండా, పోసినదానిలో ఐదో వంతు అడుగు నుంచి కారేలా ఒకేసారి పోస్తే, పేరుకున్న ఉప్పు కొంత బయటికి పోతుంది. తొలి వానలకు కుండీలను బయటపెట్టి బాగా తడవనివ్వండి. నారుకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బోరు నీరు పోయకండి. దానికోసం వాననీటినో కాలువ నీటినో డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోండి.

ప్రశ్న: చెరువులు ఎండగట్టినప్పుడు తీసిన మట్టి, కాలువల్లో పెరిగే గుర్రపుడెక్క మాకు ఉచితంగా దొరుకుతాయి. కుండీలకు పనికివస్తాయా?
– ఆకివీడు పాఠకుడు

జవాబు: చెరువు ఏదన్నదాన్ని బట్టి ఉంటుంది. రొయ్యల చెరువు మట్టిలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది, దాన్ని కుండీ దరికి రానివ్వకండి. మంచినీటి చేపల చెరువు మట్టిలో సారం ఉంటుంది కానీ అది మెత్తని బంకమన్ను. ఎండబెట్టి, పొడిచేసి, మిశ్రమంలో పదో వంతు వరకు ఎరువుగా కలపవచ్చు.

గుర్రపుడెక్క బరువులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే కనుక, బండెడు తెచ్చినా కొన్ని తట్టల కంపోస్టే మిగులుతుంది. అయినా శ్రమకు తగిన ఫలితం ఉంటుంది. పూత రాకముందే తీసి, గట్టు మీద వాడబెట్టి, ముక్కలు చేసి, పేడ, ఎండు గడ్డి పొరలతో కలిపి కుప్ప వేయండి. కుప్ప లోపల వేడెక్కాలి, రెండు వారాలకు ఒకసారి తిరగవేయాలి. మూడు నెలలకు కాడల ఆనవాలు కనిపించకుండా పోతే, వర్మీ కంపోస్టుకు బదులుగా అదే పాళ్లలో వాడవచ్చు. ఈ మొక్క నీటిలోని భారలోహాలను పీల్చుకుంటుంది. అందువల్ల పట్టణపు మురుగో, ఫ్యాక్టరీల నీరో కలిసే డ్రెయిన్ల నుంచి తీసిన గుర్రపుడెక్కను ఆకుకూరల కుండీలకు వాడకండి, పొలాలకు నీరిచ్చే పంట కాలువల నుంచి తీసినదాన్నే ఎంచుకోండి.